రీలు మారిన తోడేలు

దర్శకుడు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. సినిమా హాలుకు అందరికంటే ముందు వెళ్ళాలి. డిస్ట్రిబ్యూటరును గుమ్మం దగ్గరే పట్టుకోవాలి. ఆయన్ని మధ్య వరుసలో, ముందు పొడుగాటివాళ్ళెవరూ లేని చోట కూర్చోబెట్టాలి. అత్తగారిని మాత్రం ఆయనకు వీలైనంత దూరంగా, ముందు వరుసలో ఓ మూల కూర్చోబెట్టాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని కూడా గంగలో కలపగల బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, అది వేరే సంగతి.

దర్శకుడంటే ఆయనేమీ పేరున్న దర్శకుడు కాదు. బతుకుతెరువుకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. సెలవు దొరికినప్పుడల్లా ఎనిమిదేళ్ళపాటు ఒకే ఒక్క సినిమా తీశాడు. నిండు చంద్రుడు కనబడితే తోడేలుగా మారిపోయే ఒక పోస్టాఫీసు గుమాస్తా కథ. "స్వచ్ఛమైన భయానక చిత్రం" అని చెప్పుకునేవాడు. స్వచ్ఛమైన అన్న మాటను తేనె అమ్మేవాళ్ళకంటే గట్టిగా పలికేవాడు. అందులో పాటల్లేవు, పోట్లాటల్లేవు, వెలుతురు కూడా పెద్దగా లేదు. అసలైన భయం చీకట్లోనే ఉంటుందని ఆయన సిద్ధాంతం. రోజంతా జనానికి చూపు సరిచేసే మనిషి, సెలవురోజు వస్తే జనానికి ఏమీ కనబడని సినిమా తీయడమేమిటని వీధిలో కొందరు ముక్కున వేలేసుకున్నారు.

తోడేలు వేషం బావమరిదిది. అతను నిజంగానే పోస్టాఫీసులో పనిచేస్తాడు గనక సగం నటన కలిసొస్తుందని తీసుకున్నారు. కుక్కరు విజిల్ వేస్తే ఉలిక్కిపడే మనిషి. వేషానికి కావలసిన బొచ్చంతా దర్శకుడి భార్య పాత ఉన్ని దుప్పట్లు విప్పి కుట్టింది. ముసలమ్మ పాత్ర అత్తగారు వేసింది. మూడు మాటల పాత్రను ముప్పై మాటలదాకా పెంచింది. ఇంతమంది ఎనిమిదేళ్ళ కష్టానికీ ఆ ఉదయమే తీర్పు. డిస్ట్రిబ్యూటరు మెచ్చితే సినిమా నాలుగు హాళ్ళలో ఆడుతుంది. మెచ్చకపోతే మంచం కిందకు పోతుంది. "మంచం కింద చోటు లేదు" అని భార్య ముందే చెప్పేసింది.

ఆ హాల్లో పొద్దుటి ఆట తోడేలుది. మధ్యాహ్నం ఆట డిస్ట్రిబ్యూటరు సొంత సినిమాది. అదొక సమురాయ్ సినిమా. సమురాయ్ అంటే జపానులో పూర్వకాలపు కత్తియోధుడు. పోస్టరు మీద కత్తి బాగుందని ఆయన ముందూ వెనకా చూడకుండా కొనేశాడు. తీరా చూస్తే అందులో మాటలన్నీ జపాను భాషలోనే ఉన్నాయి. కొన్నవాడికే అర్థంకాని సినిమాను ఎవరు చూస్తారు? ఆడిన ప్రతి హాలూ ఇంటర్వెల్‌కే ఖాళీ అయింది.

రెండు సినిమాల రీళ్ళూ ఒకే రకం రేకు డబ్బాల్లో వచ్చాయి. ఆపరేటరు వాటిని కింద వరండాలో పేర్చి, సుద్దముక్కతో గుర్తులు వేశాడు. తోడేలు డబ్బాలకు ఒక తోక, సమురాయ్ డబ్బాలకు ఒక కత్తి, పక్కన వరుస అంకె. ఆయన పద్ధతి ఎప్పుడూ అదే. పేర్లు రాయడు, బొమ్మలే వేస్తాడు. తోక ఈసారి బాగా కుదిరిందని కాసేపు మురిసిపోయి, టీ తాగడానికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు కొడుకును వెంటబెట్టుకుని వరండాలోకి వచ్చింది. దుమ్ము కనబడితే ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

"చూశావట్రా! అల్లుడుగారు రెక్కలు ముక్కలు చేసుకుని తీసిన సినిమాని ఈ మసిడబ్బాల్లో పడేశారు. పైగా ఎవరో పిల్లలు పిచ్చిగీతలు కూడా గీశారు. అడిగేవాళ్ళు లేరనేగా!"

"ముట్టుకోవచ్చో లేదోనమ్మా," అన్నాడు బావమరిది.

"శుభ్రం చెయ్యడానికి ఎవరి అనుమతి కావాలి? పోయి నీళ్ళు పట్రా."

తోడేలు వెళ్ళి నీళ్ళు తెచ్చింది. అత్తగారు కొడుకు భుజం మీది తువ్వాలు తడిపి ఒక్కొక్క డబ్బానూ తళతళలాడేలా తుడిచింది. అక్కడితో ఆగిందా? సొట్టలున్నవి ఒక పక్క, సొట్టల్లేనివి ఒక పక్క చక్కగా సర్ది, చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేలు చేసినవాళ్ళు చేసిన చోట ఎప్పుడూ నిలబడరు.

ఆపరేటరు తిరిగొచ్చి చూసేసరికి డబ్బాల్లో తన మొహం తనకే కనబడింది. ఏది ఏదో ఒక్కసారి అడిగితే పోయేది. కానీ సొంత హాల్లో పరాయివాళ్ళను అడగడమా! రీళ్ళ మొదట్లో అంకెలుండే ముక్క చూద్దామంటే, సమురాయ్ సినిమాకు అది ఎప్పుడో చిరిగిపోయింది. తోడేలు సినిమాకేమో, భయం మధ్యలో లెక్కలేమిటని దర్శకుడు తానే కత్తిరించేశాడు. మొదటి రీలుకు మాత్రం పేరు ఉంది గనక అది దొరికింది. మిగతావాటిని ఆపరేటరు ఒక్కొక్కటిగా కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "నా సినిమా అంతా చీకటేనండీ, దీపం కాస్త గట్టిగా పెట్టండి" అని దర్శకుడు పొద్దుట్నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు కదా. కాబట్టి చీకటిగా ఉన్న రీళ్ళన్నీ పొద్దుటి ఆటకు, వెలుతురుగా ఉన్నవన్నీ మధ్యాహ్నం ఆటకు అని తేల్చేశాడు. జపానులో కూడా రాత్రి అవుతుందన్న ఒక్క సంగతి ఆయనకు తట్టలేదు.

హాలు ఓ మాదిరిగా నిండింది. దుకాణంలో కళ్ళజోడు చేయించుకున్నవాళ్ళందరినీ దర్శకుడు బతిమాలి రప్పించాడు. మొదటి రీలు అనుకున్నట్టే నడిచింది. గుమాస్తా ఉత్తరాల మీద ముద్రలు వేశాడు, చీకటి పడింది, చంద్రుడు వచ్చాడు, చేతి మీద బొచ్చు మొలవడం మొదలైంది. దర్శకుడు డిస్ట్రిబ్యూటరు మొహం వైపు ఓరగా చూశాడు. ఆయన ఆవలించలేదు. అది చాలు.

రీలు మారింది. తెర మీద రాత్రి, మంచు. మంచులో ఒక గుర్రం. గుర్రం మీద జుట్టు ముడివేసుకుని, నడుముకు రెండు కత్తులు దోపుకున్న ఒక పెద్దమనిషి.

ఎనిమిదేళ్ళలో తాను గుర్రాన్ని అద్దెకు తెచ్చినట్టు దర్శకుడికి ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా గుర్తురాలేదు. రెండు క్షణాలు నోరు తెరుచుకుని చూసి, ఒక్క ఉదుటున లేచి, ఎవరెవరి కాళ్ళు తొక్కాడో చూసుకోకుండా మెట్లెక్కి ప్రొజెక్టరు గది తలుపు బాదాడు. లోపల గడియ వేసి ఉంది.

"తలుపు తియ్యవయ్యా! నా సినిమాలో గుర్రం ఉంది!"

"చూస్తున్నాను సార్. బాగుంది గుర్రం!"

"అది నాది కాదు!"

"ఎవరిదైతేనేం సార్, చక్కగా పరిగెడుతోంది. ఆట నడుస్తుండగా తలుపు తియ్యను. మా హాలు పద్ధతి అంతే."

ఇది అన్యాయం కాకపోతే మరేమిటి? ఒక మనిషి ఎనిమిదేళ్ళు కూడబెట్టుకున్న చీకట్లోకి ఎవడో గుర్రమేసుకుని వస్తే, అడగడానికి కూడా దిక్కు లేదా? దర్శకుడు పళ్ళు కొరుకుతూ కిందకు పరిగెత్తాడు. జనానికే చెప్పుకుందామని తిన్నగా తెర ముందుకెక్కి రెండు చేతులూ ఊపాడు. "అయ్యా! అమ్మా! ఇది నా సినిమా కాదు!" అని అరిచాడు గానీ, గుర్రపు డెక్కల చప్పుడులో ఆ మాట ఎవరికీ వినబడలేదు. తెర మీద మాత్రం ఆయన నీడ ఇంతెత్తున లేచి, సమురాయ్ మీద పడబోతున్నట్టు చేతులు చాచింది. హాలంతా కెవ్వుమని కేక పెట్టింది. ఆయన సినిమాకు జనం భయపడి కేక పెట్టడం అదే మొదలు. పాపం, సంతోషించే స్థితిలో ఆయన లేడు.

ఈలోగా ముందు వరుసలో అత్తగారు తన పని తాను మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్ళకు కథ చెప్పకుండా సినిమా చూడటం ఆవిడకు చేతకాదు.

"ఆ గుర్రమాయన మంచివాడేనండీ. కళ్ళు చూడండి, ఎంత జాలిగా ఉన్నాయో. మావాడికి ఏదో ముంచుకొచ్చిందని కబురంది బయల్దేరాడు."

తెర మీద సమురాయ్ పళ్ళు బిగించి జపాను భాషలో ఏదో పొడుగ్గా అన్నాడు.

"ఏమంటున్నాడు పిన్నిగారూ?" అని వెనక వరుసలోంచి ఎవరో అడిగారు.

"'ఇంట్లోంచి కదలని కుర్రాడికి ఈ గతి ఏమిటి' అంటున్నాడు. మావాడి గురించే. 'ఎంత దూరమైనా వస్తాను, అంతదాకా ఎవర్నీ కరవకుండా ఓపిక పట్టమనండి' అంటున్నాడు."

మళ్ళీ రీలు మారింది. ఇప్పుడు తోడేలు, చీకటి సందులో గోడకు ఆనుకుని, పళ్ళు కొరుకుతూ ఎవరికోసమో చూస్తోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఓపిక పడుతున్నాడని అందరికీ అర్థమైంది.

ఇంటర్వెల్ దీపాలు వెలిగాయో లేదో డిస్ట్రిబ్యూటరు దర్శకుడి మీదకు వచ్చాడు. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"ఏమయ్యా, నా సినిమాని ముక్కలు కోసి నీ సినిమాలో అతికించుకుంటావా? పట్టపగలు దొంగతనమా?"

"నేను అతికించడమేంటండీ? మీ గుర్రమే వచ్చి నా సినిమాలో దూరింది!"

"నా గుర్రం మంచులో దాని దారిన అది పోతుంటే, నీ తోడేలు కాదటయ్యా వెంటపడింది?"

"నా తోడేలు ఎవరి వెంటా పడదు! అది ఒంటరిది! దాని ఒంటరితనమే కథ!"

ఇద్దరూ కలిసి ఆపరేటరును పట్టుకున్నారు. ఆయన బెదరలేదు. "మీరేగా సార్ అంతా చీకటన్నారు? చీకటివన్నీ వేశాను. గుర్తులు చూద్దామంటే ఎవరో మహానుభావులు తుడిచేశారు."

"నేనే తుడిచాను," అంది అత్తగారు వెనకనుంచి, మెచ్చుకోలు కోసం వచ్చినట్టు. "ఎంత మట్టి ఉందనుకున్నారు అల్లుడుగారూ! మీరు చెప్పరు, మొహమాటం. అందుకని నేనే చూసుకున్నాను."

దర్శకుడు అత్తగారిని ఏమీ అనలేడు గనక బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"ఒరేయ్, నువ్వు పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు బావా. నీళ్ళు తెచ్చిచ్చాను."

ఇక మాటలతో పని లేదని దర్శకుడు తానే మెట్లెక్కి, డబ్బాలన్నీ తీయించి, తన రీళ్ళను తన చేత్తో ఏరాడు. ఇంటర్వెల్ తర్వాత తెర మీద స్వచ్ఛమైన సినిమా మొదలైంది. ఆయనకు ప్రాణమైన ఘట్టం అది. తోడేలు చంద్రుణ్ణి చూస్తుంది. చంద్రుడు తోడేలును చూస్తాడు. తోడేలు ఇంకా చూస్తుంది. జనం మొదట్లో మర్యాదగా ఓపిక పట్టారు. తర్వాత కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు.

"కత్తాయన ఏడీ?" అని ఓ గొంతు.

"అవును, కత్తాయన ఎక్కడిదాకా వచ్చాడు?" అని ఇంకో గొంతు. అంతే, కాళ్ళతో నేల దద్దరిల్లిపోయేలా కొట్టారు. ఈ గోల చాలదన్నట్టు అత్తగారు లేచి నిలబడి వెనక్కి తిరిగింది.

"అల్లుడుగారూ! ఆ పెద్దాయన్ని పంపించండి! మావాడు ఒక్కడే ఉన్నాడక్కడ!"

"అత్తయ్యా, కూర్చోండి! ఎవరూ రారు! ఇది నా సినిమా!" అని దర్శకుడు గొంతు చించుకుని అరిచాడు. సొంత సినిమాలో సొంత అత్తగారితో కొట్లాడవలసిన దుస్థితి పగవాడికి కూడా వద్దు. ఆయన అరుపు ముగిసేలోపే పైనున్న ఆపరేటరు, జనం మాటే వేదమని, రెండో ప్రొజెక్టరు తిప్పేశాడు. సమురాయ్ లాంతరు పట్టుకుని ఒక పాడుబడ్డ ఇంట్లో అడుగుపెట్టాడు. హాలంతా ఈలలు.

అక్కణ్ణుంచి ఎవరి మాటా సాగలేదు. ఆపరేటరు చీకటి రీళ్ళను పొద్దున పేర్చుకున్న వరుసలోనే వేసుకుపోయాడు. సమురాయ్ ఒక్కొక్క తలుపూ తీసుకుంటూ వెళ్ళాడు. తోడేలు ఒక తలుపు వెనక నక్కి గజగజ వణికింది. షూటింగులో ఆ వణుకు నటన కాదు, బావమరిదికి చలి. కానీ హాల్లో పెద్దవాళ్ళు కూడా "అటు వెళ్ళకు నాయనా" అని తెరకు జాగ్రత్తలు చెప్పారు. మెట్లెక్కి అరిచి అరిచి అలసిన దర్శకుడు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. చివరికి ఏటి ఒడ్డున తోడేలు చచ్చిపోయి మళ్ళీ గుమాస్తాగా మారింది. అక్కడితో దర్శకుడి కథ అయిపోయింది. ఒక్కరూ లేవలేదు. ఆపరేటరు మిగిలిన చీకటి రీలు ఎక్కించాడు. సమురాయ్ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, కత్తి తీసి నేల మీద పెట్టి, తల వంచి ఏడ్చాడు. అసలు సినిమాలో ఆయన ఏడ్చింది తన దొరకోసం. ఆ సంగతి హాల్లో ఎవరికీ తెలియదు.

"ఏమంటున్నాడు పిన్నిగారూ?" అని అడిగారు.

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఏమీ అనట్లేదమ్మా," అంది. "కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేదని ఏడుస్తున్నాడు."

బావమరిది తన చావుకు తానే వెక్కి వెక్కి ఏడ్చాడు.

వరండాలో డిస్ట్రిబ్యూటరు దర్శకుడి చెయ్యి పట్టుకున్నాడు. ఇంటర్వెల్లో మీదపడ్డ మనిషేనా అన్నట్టున్నాడు. "నా సినిమాకు చివరిదాకా జనం కూర్చోవడం నేనెప్పుడూ చూళ్ళేదయ్యా. తీసుకుంటాను. కానీ గుర్రంతో సహా. ఒక్క రీలు తీసినా నాకొద్దు."

"అయితే నాకూ వద్దు," అన్నాడు దర్శకుడు. "ఇది నా సినిమా కాదు. ఎవరి గుర్రాన్నో పెట్టుకుని చప్పట్లు కొట్టించుకునే ఖర్మ నాకు పట్టలేదు. ఇంటికి పద," అని భార్యకేసి తిరిగాడు.

ఆమె కదల్లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎనిమిదేళ్ళలో మీ సినిమా నాకెన్నిసార్లు చూపించారో మీకైనా గుర్తుందా?" అంది. "బొచ్చు నేనే కుట్టాను. లోపల ఉన్నది మా తమ్ముడు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా వాడికేమవుతుందోనని నాకు భయం వెయ్యలేదు. ఇవాళ వేసింది."

"అంటే నేను తీసిందంతా దండగన్నమాట."

"అలా అన్నానా? తోడేలు ఒంటరిదని ఎనిమిదేళ్ళు చెప్పారు. వాడికోసం వెతుక్కుంటూ ఒకడు వస్తుంటేనే కదండీ వాడెంత ఒంటరివాడో తెలిసేది. రావడం ఆలస్యమైతేనే కదా ఏడుపొచ్చేది."

నిజం చెప్పాలంటే ఆమె మాట దర్శకుడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. డబ్బాలకేసి చూశాడు. సమురాయ్ మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు తన చెయ్యి కూడా జేబులో రుమాలు కోసం వెతికిన సంగతి ఆయన ఇంకా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే ఆపరేటరు తలగోక్కుంటూ మెట్లు దిగివచ్చాడు. జనం వెళ్ళిపోయాక కొంచెం భయం పట్టుకున్నట్టుంది. "తప్పు నాదే సార్," అన్నాడు. "అడగకుండా వేసేశాను. ఆ వరుస తప్పండీ. మధ్యాహ్నానికి సరిచేసి..."

"తప్పా?" దర్శకుడు గయ్యిమని లేచాడు. ఉదయంనుంచి అంత కోపం ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు. "ఎవరయ్యా తప్పన్నది? సినిమా గురించి నీకేం తెలుసు? వరుస అదే! ఒక్క రీలు అటూ ఇటూ చేశావంటే ఊరుకోను! నిజానికి ఆ మంచులో గుర్రం ఇంకాస్త ముందు రావాలి. మొదట్నుంచీ నేను ఆ మాటే అంటున్నాను!"

డిస్ట్రిబ్యూటరు ఒప్పందం రాయడానికి కలం మూత తీశాడు.

తర్వాత ఆ సినిమా ఎన్ని హాళ్ళు తిరిగిందో చెప్పడం కష్టం. ఇప్పటికీ అది ఆడే చోటికి జనం భుజాన ఉన్ని దుప్పటి వేసుకుని, నడుముకు కర్ర దోపుకుని వస్తారు. సమురాయ్ నోరు తెరిస్తే చాలు, అత్తగారు చెప్పిన మాటలు హాలంతా ఒక్క గొంతుతో చెబుతారు. తోడేలునూ సమురాయ్‌నూ కలపాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే దర్శకుడు కళ్ళు మూసుకుని, అదంతా ఎన్నో ఏళ్ళ మథనమంటాడు.

మిగిలిపోయిన వెలుతురు రీళ్ళతో ఆ మధ్యాహ్నం ఆట కూడా ఆడింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో సమురాయ్‌లు కత్తులు దూసి కొట్టుకుంటూ ఉంటే, మధ్యమధ్యలో బావమరిది కౌంటరు వెనక కూర్చుని స్టాంపులు అమ్మాడు. అభిమానుల్లో కొందరు అదే గొప్పదని ఈనాటికీ వాదిస్తారు. దర్శకుడు మాత్రం పెదవి విరుస్తాడు. రెండో భాగాలెప్పుడూ మొదటిదానంత బాగుండవట.